ఐకాన్ వెనక ఉన్న ఒక్క లైను

(విశాఖపట్నం, ద్వారకానగర్. ఒక ఆదివారం ఉదయం కంప్యూటర్ విద్యార్థులకు, చిన్న ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు ఇచ్చిన ప్రసంగం, రికార్డింగు నుంచి రాసుకున్నది. తెర మీద చూపించిన కమాండ్లను ఇక్కడ పలికినట్టే రాశాం.)

వెనక వరసకి వినబడుతోందా? సరే. ఆ ఫ్యాను కొంచెం తగ్గించు బాబూ, మైకులో నా గొంతు కంటే గాలే ఎక్కువ వస్తోంది.

ఈ స్లైడ్లు తెరవడానికి నేను మౌస్ ముట్టుకోలేదు, చూశారు కదా. టెర్మినల్, అంటే కమాండ్లు టైపు చేసే విండో, తెరిచి ఒక లైను కొట్టాను. సాఫిస్, స్పేస్, డాష్ డాష్ షో, స్పేస్, ఫైలు పేరు, ఎంటర్. సాఫిస్ అంటే వర్డ్, పవర్‌పాయింట్ లాంటి పనులు ఉచితంగా చేసిపెట్టే లిబ్రాఫీస్‌ని పిలిచే పేరు. మొదటి స్లైడు నేరుగా తెర నిండా వచ్చేసింది. ముందు వరసలో ఒకావిడ పక్కావిడతో అన్న మాట నాకు వినబడింది. "రెండుసార్లు నొక్కితే అయిపోయేదానికి ఇంత టైపింగ్ ఎందుకూ?" అని. (నవ్వులు) న్యాయమైన మాటే.

కానీ మీరు రెండుసార్లు నొక్కినా జరిగేది అదే. లైను కొట్టడమే. కాకపోతే కొట్టేది మీరు కాదు. ఆ ఐకాన్ తయారుచేసినాయన ఎప్పుడో ఒక లైను రాసిపెట్టి వెళ్లాడు. మీరు నొక్కగానే కంప్యూటర్ దాన్ని చదువుతుంది. కలెక్టరాఫీసు బయట చెట్టు కింద కూర్చుని అర్జీలు రాసిపెట్టేవాళ్లు ఉంటారు చూడండి, అలాంటిదన్నమాట. అర్జీ ఆయన రాస్తాడు, సంతకం మీరు పెడతారు. అందులో ఏం రాశాడో ఎప్పుడైనా చదివారా? ఓ మాట చేర్చమని అడిగారా?

ఆ చేర్చే మాటనే ఆప్షన్ అంటాం. బొమ్మలు, బటన్లు, మెనూలు ఉన్న ప్రోగ్రాములకి ఆప్షన్లేమిటి, అవి నల్ల తెర మీద నడిచే వాటికి కదా అని చాలామంది అనుకుంటారు. నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాగే అనుకున్నాను.

ముందు ఒక సంగతి చెప్పి అసలు విషయంలోకి వస్తాను. కిందటేడు వానాకాలంలో గాజువాకలో తెలిసినాయన జిరాక్స్ షాపుకి వెళ్లాను. డీటీపీ కూడా చేస్తారు. ఆయన కంప్యూటర్లు పాతవి, లైసెన్సు ఖర్చు లేదని అన్నిటికీ ఉబుంటు, అంటే విండోస్ బదులు వాడే ఉచిత లైనక్స్, వేయించుకున్నాడు. అక్కడ పనిచేసే అమ్మాయి ఏదో స్కూలు వాళ్ల ప్రోగ్రెస్ రిపోర్టులు పీడీఎఫ్ చేస్తోంది. 340 ఫైళ్లు. ఫైలు తెరవడం, మెనూలోకి వెళ్లడం, ఎక్స్‌పోర్ట్, సేవ్, మూసేయడం, మళ్లీ ఇంకోటి. ఒక్కోదానికి అర నిమిషం అనుకున్నా దగ్గర దగ్గర మూడు గంటలు. బయట వాన, రాత్రి ఏడయింది, ఆ పిల్ల కూర్మన్నపాలెం వెళ్లాలి. ముఖంలో టెన్షన్ కనిపిస్తోంది.

నేను గొప్పగా "జరుగమ్మా" అని కూర్చున్నాను. సాఫిస్, డాష్ డాష్ హెడ్‌లెస్, డాష్ డాష్ కన్వర్ట్ డాష్ టు, పీడీఎఫ్, డాష్ డాష్ అవుట్‌డిర్, ఫోల్డరు పేరు, చివర స్టార్ డాట్ డాక్స్ఎక్స్, అంటే అక్కడున్న వర్డ్ ఫైళ్లన్నీ. హెడ్‌లెస్ అంటే తల లేకుండా, అంటే విండో ఏదీ తెరవకుండా పని చేసిపెట్టమని. ఎంటర్ కొట్టాను. ఏమీ జరగలేదు. తప్పని కూడా చెప్పలేదు. కర్సరు బుద్ధిగా వెనక్కి వచ్చి కూర్చుంది. ఫోల్డరు ఖాళీ. ఆ పిల్ల నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. (నవ్వులు)

జరిగిందేమిటంటే, ఆ అమ్మాయి తెరిచిన ఫైలు ఒకటి వెనకాల ఇంకా తెరిచే ఉంది. అంటే లిబ్రాఫీస్ అప్పటికే నడుస్తోంది. చాలా డెస్క్‌టాప్ ప్రోగ్రాములకి ఒక అలవాటు ఉంది. మీరు రెండోసారి పిలిస్తే, కొత్తగా పుట్టిన ప్రోగ్రాం ముందు ఇంట్లో అన్నయ్య ఉన్నాడా అని చూసుకుంటుంది. ఉంటే పని ఆయనకి అప్పజెప్పి తను వెళ్లిపోతుంది. మీరు తమ్ముడికి చెప్పిన మాటలన్నీ అన్నయ్యకి చేరతాయన్న నమ్మకం లేదు. కొన్ని చేరతాయి, కొన్ని గాలికి పోతాయి. ఆప్షన్ పెట్టాను కానీ పనిచేయలేదని నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది కథ ఇదే. క్రోమ్ అంతే, ఫైర్‌ఫాక్స్ అంతే, లిబ్రాఫీసూ అంతే.

ఆ విండో మూసేసి మళ్లీ కొట్టాను. ఈసారి ఫైలు తర్వాత ఫైలు, లైనుకొకటి చొప్పున తెర మీద పరిగెత్తాయి. టీ తెప్పించారు, తాగేలోపు అయిపోయింది. మూయడం కుదరకపోతే ఇంకో దారి ఉంది. ఒంటి డాష్ పెట్టి, ఈఎన్‌వీ, కోలన్, యూజర్ ఇన్‌స్టలేషన్, ఈక్వల్ టు, ఒక కొత్త ఫోల్డరు చిరునామా. అప్పుడు తమ్ముడికి వేరే కాపురం పెట్టినట్టు. అన్నయ్య జోలికి పోడు.

కథ అక్కడితో అవలేదు. వచ్చిన పీడీఎఫ్‌లలో ఓ నాలుగు తెరిచి చూశాను. స్కూలు వాళ్లు ఫైళ్లు విండోస్‌లో గౌతమి ఫాంటుతో చేశారు. ఈ ఉబుంటులో గౌతమి లేదు. దాని బదులు ఇంకో తెలుగు ఫాంటు వచ్చి కూర్చుంది. అక్షరాలు బాగానే ఉన్నాయి గానీ కొంచెం వెడల్పు. ఒక పేజీలో ఇమడాల్సిన రిపోర్టు రెండో పేజీలోకి పొంగింది. రెండో పేజీలో ఏముందంటే "ప్రధానోపాధ్యాయుని సంతకం" అన్న గీత ఒక్కటే. మూడు వందల నలభై పిల్లలకీ! చివరికి ఆ ఫాంటు తెచ్చి వేసి మళ్లీ నడిపాం. కళ్లతో చూసుకునే పని మాత్రం ఏ ఆప్షనూ చేసిపెట్టదండి.

ఇక అసలు విషయం. ప్రోగ్రాముకి ఇచ్చే ఆప్షన్లు అన్నీ ఒకచోటి నుంచి రావు. కొన్ని ఆ ప్రోగ్రాం సొంతం. ఇందాకటి కన్వర్ట్ టు లాంటివి లిబ్రాఫీస్‌కే ఉంటాయి, కాలిక్యులేటర్‌కి ఉండవు. కొన్ని మాత్రం కుటుంబం మొత్తానికి ఉమ్మడి. మనకి ఇంటిపేరు ముందు వస్తుంది, పేరు తర్వాత. ఇంటిపేరు చెప్తే వాళ్లింట్లో ఏ పండక్కి ఏం వండుతారో మా అమ్మమ్మ చెప్పేసేది. ప్రోగ్రాములకీ ఇంటిపేర్లున్నాయి. విండోలు, బటన్లు గీసే టూల్‌కిట్ ఏదో అదే ఇంటిపేరు. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి ప్రోగ్రామూ కొన్ని మాటలు పుట్టుకతోనే అర్థం చేసుకుంటుంది. రాసిన ప్రోగ్రామర్‌కి కూడా ఆ సంగతి తెలియకపోవచ్చు.

లైనక్స్‌లో ముఖ్యంగా మూడు ఇళ్లు. అన్నిటికంటే పాతది, తెర మీద విండోలు చూపించే ఎక్స్ విండో వాళ్లది. 1984లో అమెరికాలో ఎంఐటీలో మొదలైంది. ఇప్పటికీ వాడుతున్న పదకొండో వెర్షను 1987లో వచ్చింది. పుట్టి దాదాపు నలభై ఏళ్లు. టెర్మినల్ విండో ఎక్స్‌టర్మ్, గడియారం ఎక్స్‌క్లాక్, మౌస్ ఎటు వెళ్తే అటు కళ్లు తిప్పే ఎక్స్‌ఐస్, ఇవన్నీ ఆ ఇంటివాళ్లే. ఈ ఇంట్లో అందరికీ తెలిసిన మాట, డాష్ డిస్‌ప్లే. ప్రోగ్రాం ఎక్కడ నడవాలి అని కాదు, విండో ఎక్కడ కనబడాలి అని. అప్పట్లో పెద్ద కంప్యూటర్ ఒక గదిలో ఉండేది, మీరు ఇంకో భవనంలో తెర ముందు కూర్చునేవారు. ప్రోగ్రాం అక్కడ నడుస్తుంది, బొమ్మ ఇక్కడ కనబడుతుంది. అందుకే ఆ లోకంలో సర్వర్ అంటే మీ బల్ల మీద తెర ఉన్న యంత్రం. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడ తప్పకుండా తికమక పడతారు. పడండి, పర్లేదు.

డిస్‌ప్లే తర్వాత కోలన్ సున్నా అని రాస్తాం. మొదటి డిస్‌ప్లే అని అర్థం. నెట్‌వర్క్ మీద అది 6000 నంబరు పోర్టు. కోలన్ ఒకటి అయితే 6001. మన ఊళ్లో పోర్టు అంటే ఏమిటో వివరించక్కర్లేదు గదా, ఏ ఓడ ఏ బెర్తుకి రావాలో నంబరుంటుంది, ఇదీ అంతే. కాకపోతే ఈరోజుల్లో ఆ 6000 బెర్తు మూసే ఉంటుంది, భద్రత కోసం. దూరంగా ఉన్న కంప్యూటర్లో ప్రోగ్రాం నడిపి విండో ఇక్కడ చూడాలంటే, దూరపు కంప్యూటర్లోకి భద్రంగా లాగినయ్యే ప్రోగ్రాం ఎస్‌ఎస్‌హెచ్, డాష్, పెద్ద ఎక్స్ అక్షరం కొట్టి లోపలికి వెళ్తాం. డిస్‌ప్లే సంగతి అదే చూసుకుంటుంది. కొందరు వెబ్‌లో చూసి ఎక్స్‌హోస్ట్ ప్లస్ అని కొడుతుంటారు. ఎవరొచ్చినా నా తెర వాడుకోవచ్చని తలుపులు బార్లా తెరిచినట్టు. మీరు కొట్టేది ఇంకొకరు చూడగలరు. ఆ పని చేయకండి.

ఈ ఇంటివాళ్ల రెండో మాట, డాష్ జామెట్రీ. నాకు బాగా ఇష్టమైనది. ఇదిగో చూడండి. ఎక్స్‌టర్మ్, డాష్ జామెట్రీ, 80 ఎక్స్ 24 ప్లస్ 100 ప్లస్ 50. ఎనభై అక్షరాల వెడల్పు, ఇరవై నాలుగు లైన్ల ఎత్తు. ఎడమ అంచు నుంచి వంద పిక్సెళ్లు, పైఅంచు నుంచి యాభై. ఎక్స్‌టర్మ్ కాబట్టి కొలత అక్షరాల్లో. ఎక్స్‌క్లాక్‌కి ఇస్తే అదే కొలత పిక్సెళ్లలో తీసుకుంటుంది. ఇప్పుడు ప్లస్ బదులు మైనస్ పెడతాను. ఎక్స్‌క్లాక్, డాష్ జామెట్రీ, 150 ఎక్స్ 150 మైనస్ 0 ప్లస్ 0. గడియారం వెళ్లి కుడి పైమూల కూర్చుంది. మైనస్ అంటే అవతలి అంచు నుంచి కొలవమని. మైనస్ సున్నా, ప్లస్ సున్నా వేరు వేరు అని మీ లెక్కల మాస్టారికి చెప్తే ఒప్పుకోరు. (నవ్వులు)

దీని ఉపయోగం ఎక్కడంటే, ఇలాంటి ప్రొజెక్టర్లున్న ల్యాబుల్లో. క్లాసు అయ్యాక వైరు పీకేస్తారు. రెండో తెర మీద ఉన్న విండో మాయం. ప్రోగ్రాం నడుస్తూనే ఉంటుంది, కనబడదు. కొన్ని ప్రోగ్రాములు ఆ చోటు గుర్తుపెట్టుకుని మర్నాడు కూడా లేని తెర మీదే తెరుచుకుంటాయి. అప్పుడు ప్లస్ 0 ప్లస్ 0 ఇస్తే ఎడమ పైమూలకి వచ్చి నిలబడుతుంది. అన్నీ వినవు. కొన్ని మనం చెప్పింది విని, మరుక్షణం తమ పాత జ్ఞాపకం ప్రకారం పక్కకి జరుగుతాయి.

ఈ ముసలి ఇంట్లో ఇంకో వింత ఆచారం ఉంది. మైనస్ పెడితే అవును, ప్లస్ పెడితే కాదు. ఎక్స్‌టర్మ్‌కి డాష్ ఎస్‌బీ ఇస్తే స్క్రోల్ బారు వస్తుంది, ప్లస్ ఎస్‌బీ ఇస్తే పోతుంది. అలాగే ఒంటి డాష్ తర్వాత పూర్తి మాట రాస్తారు. డాష్ ఎఫ్‌జీ అంటే అక్షరాల రంగు, డాష్ బీజీ అంటే వెనకాల రంగు. మామూలు లైనక్స్ కమాండ్లలో అయితే ఒంటి డాష్ తర్వాత ఒక్కో అక్షరం ఒక్కో ఆప్షన్. అక్కడ డాష్ ఎఫ్‌జీ అంటే ఎఫ్ ఒకటి, జీ ఒకటి. ఈ గొడవ తప్పించడానికే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాసే జీఎన్‌యూ వాళ్లు పూర్తి మాటలకి రెండు డాష్‌లు పెట్టే పద్ధతి వాడుకలోకి తెచ్చారు. ప్రతి ప్రోగ్రామూ డాష్ డాష్ హెల్ప్, డాష్ డాష్ వెర్షన్ అన్న రెండింటికైనా జవాబు చెప్పాలని నియమం కూడా రాసుకున్నారు. మీరు ఇవాళ రెండే మాటలు ఇంటికి పట్టుకెళ్లాలంటే ఆ రెండే.

రెండో ఇల్లు జీటీకే. ఫొటోలు దిద్దే గింప్ కోసం రాసుకున్న టూల్‌కిట్, తర్వాత గ్నోమ్ డెస్క్‌టాప్ మొత్తానికి ఆధారమైంది. వీళ్లవి రెండు డాష్‌ల ఆప్షన్లు. డాష్ డాష్ డిస్‌ప్లే, డాష్ డాష్ క్లాస్, డాష్ డాష్ నేమ్. డాష్ డాష్ జీ ఫేటల్ వార్నింగ్స్ అని ఒకటుంది, చిన్న హెచ్చరిక వచ్చినా ప్రోగ్రాం అక్కడికక్కడే కూలిపోతుంది. తప్పు ఎక్కడుందో వెతికే ప్రోగ్రామర్లకి తప్ప ఇంకెవరికీ పనికిరాదు. జీటీకే నాలుగో వెర్షను వచ్చేసరికి ఈ ఉమ్మడి ఆప్షన్లు తీసేశారు. కాబట్టి పాత పుస్తకంలో చూసి కొడితే కొత్త ప్రోగ్రాం తెలియదు పొమ్మంటుంది.

మూడో ఇల్లు క్యూటీ. 1995లో మొదటిసారి బయటికొచ్చింది, మరుసటి ఏడాది మొదలైన కేడీఈ డెస్క్‌టాప్ దీని మీదే కట్టారు. వీళ్లు ఇప్పటికీ ఒంటి డాష్ ఆచారమే పాటిస్తారు, రెండు పెట్టినా కాదనరు. ఇదిగో కాలిక్యులేటర్. కేకాల్క్, డాష్ స్టైల్, విండోస్. చూడండి, 1990లలో కంప్యూటర్ సెంటర్లో కూర్చున్నట్టు లేదూ? బూడిద రంగు బటన్లు. ఇప్పుడు డాష్ రివర్స్. మొత్తం అద్దంలో చూసినట్టు ఎడమది కుడికి వెళ్లింది. అరబిక్, ఉర్దూ లాంటి భాషలకి తెర ఎలా ఉంటుందో పరీక్షించడానికి పెట్టారు. మా ఆఫీసులో ఏప్రిల్ ఒకటిన ఇది ఒకాయన ఐకాన్‌లో చేర్చాను. ఆయనెవరని అడక్కండి.

వీళ్లకి జామెట్రీ కూడా ఉంది గానీ పేరు వేరు, డాష్ క్యూ విండో జామెట్రీ. ఏ ప్రోగ్రాం ఏ ఇంటిదో తెలియకపోతే డాష్ డాష్ హెల్ప్ డాష్ ఆల్ కొట్టి చూడండి. మామూలు హెల్ప్‌లో దాచిన కుటుంబ ఆప్షన్లు చాలా ప్రోగ్రాములు అందులో బయటపెడతాయి.

ఇక్కడ పెద్దవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి ఒకటి చెప్తాను. మా వీధిలో రిటైరైన మాస్టారొకరు, కళ్లకి శుక్లం ఆపరేషన్ అయింది. బ్రౌజరు అక్షరాలు కనబడవు. తెర రిజల్యూషన్ తగ్గిస్తే అన్నీ మసకబారాయి. క్రోమ్ ఐకాన్ లైనులో డాష్ డాష్ ఫోర్స్ డివైస్ స్కేల్ ఫ్యాక్టర్ ఈక్వల్ టు 1.5 చేర్చాను. మాటల మధ్య కూడా డాష్‌లుంటాయి, తెర మీద చూడండి. పేజీతో పాటు పైనున్న ట్యాబులు, మెనూలు కూడా ఒకటిన్నర రెట్లయ్యాయి. క్యూటీ ప్రోగ్రాములకైతే ఆప్షన్ కాదు, ముందుమాట. ప్రోగ్రాం పేరుకి ముందు క్యూటీ స్కేల్ ఫ్యాక్టర్ ఈక్వల్ టు 1.5 అని పెద్దక్షరాల్లో, మాటకీ మాటకీ మధ్య అండర్‌స్కోర్ పెట్టి రాయాలి. వీటిని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటాం. అర్జీలో రాసేది ఆప్షను, అర్జీ పెట్టకముందే ఆఫీసులో ఉన్న వాతావరణం ఇది. అలాగే లాంగ్వేజ్ ఈక్వల్ టు టీఈ అని ముందు పెట్టి గ్నోమ్ ప్రోగ్రాం ఏదైనా తెరిస్తే, తెలుగు భాషా ప్యాకేజీ వేసి ఉంటే, ఆ ఒక్క ప్రోగ్రాం మెనూలు తెలుగులో వస్తాయి. మిగతా కంప్యూటర్ ఇంగ్లిషులోనే ఉంటుంది.

ఇప్పుడు ఈ మాటలన్నీ ఐకాన్‌లోకి ఎలా ఎక్కించాలి? రోజూ ఎవడు టైపు చేస్తాడు? లైనక్స్‌లో ప్రతి ఐకాన్ వెనకా డాట్ డెస్క్‌టాప్ అనే చిన్న ఫైలుంటుంది. యూఎస్‌ఆర్, షేర్, అప్లికేషన్స్ ఫోల్డర్లో చూడండి. అందులో ఎగ్జెక్ ఈక్వల్ టు అని మొదలయ్యే లైను ఉంటుంది. అదే నేను ఇందాకటి నుంచి చెప్తున్న అర్జీ. ఫైర్‌ఫాక్స్‌దైతే ఫైర్‌ఫాక్స్, స్పేస్, పర్సెంట్ యూ అని ఉంటుంది. ఆ పర్సెంట్ యూ ఉన్న చోటికి మీరు నొక్కిన లింకు వచ్చి చేరుతుంది. పర్సెంట్ ఎఫ్ అయితే ఫైలు పేరు. ఆ ఫైలుని అక్కడే దిద్దకండి, అప్‌డేట్ వస్తే మీరు రాసింది పోతుంది. మీ హోమ్‌లో డాట్ లోకల్, షేర్, అప్లికేషన్స్‌లోకి కాపీ చేసుకుని అక్కడ దిద్దండి. మీ కాపీకే ముందు మర్యాద.

ఇక్కడ నేను బోర్లాపడ్డ కథ ఒకటుంది. నగరంలోనే ఒకచోట, వచ్చినవాళ్ల టోకెన్ నంబరు చూపించే టీవీ పెట్టాలన్నారు. చిన్న కంప్యూటర్, క్రోమ్, డాష్ డాష్ కియోస్క్, పేజీ చిరునామా. కియోస్క్ అంటే పైన అడ్రస్ బారు, ట్యాబులు ఏవీ లేకుండా పేజీ ఒక్కటే తెర నిండా. టెర్మినల్‌లో కొడితే బ్రహ్మాండంగా వచ్చింది. అదే లైను డాట్ డెస్క్‌టాప్ ఫైల్లో పెట్టి నొక్కితే పేజీ రాలేదు. అక్షరం అక్షరం పోల్చాను, ఒకటే. గంటన్నర పోయింది. ఆ చిరునామా మధ్యలో ఖాళీకి బదులు పర్సెంట్ 20 అని ఉంది. ఎగ్జెక్ లైనులో పర్సెంట్‌కి ప్రత్యేక అర్థం ఉందని ఇప్పుడే మీకు చెప్పింది నేనే కదా! అక్కడ పర్సెంట్ కావాలంటే రెండు పర్సెంట్లు రాయాలి. ఇంకోటి, ఆ లైను షెల్ గుండా, అంటే టెర్మినల్‌లో మన లైనుని చదివి అర్థం చెప్పే ప్రోగ్రాం గుండా, వెళ్లదు. అందుకని స్టార్ డాట్ డాక్స్ఎక్స్ లాంటివి, హోమ్ ఫోల్డరుకి వాడే టిల్డా గుర్తు అక్కడ పనిచేయవు. పూర్తి దారి రాసుకోవాలి.

సరే, నడిచింది. నాలుగు రోజులకి ఫోను. కరెంటు పోయి వచ్చాక, పేజీలు సరిగ్గా మూయలేదు, మళ్లీ తెరవమంటారా అని మూల ఒక డబ్బా వచ్చి కూర్చుంది. ఆ డబ్బా కింద టోకెన్ నంబరు. జనం గొడవ. డాష్ డాష్ ఇన్‌కాగ్నిటో చేర్చాను, ఆ డబ్బా పోయింది. ఇన్‌కాగ్నిటో పాత సంగతులేవీ గుర్తుపెట్టుకోదు కదా, తిరిగి తెరవడానికి దాని దగ్గర ఏమీ ఉండదు. ఫైర్‌ఫాక్స్‌కీ కియోస్క్ ఉంది, 2019 చివర్లో వచ్చిన 71వ వెర్షను నుంచి.

ఆడిటర్ల ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా? మీకు ఫైర్‌ఫాక్స్, డాష్, పెద్ద పీ. ఒక్కో క్లయింటుకి ఒక్కో ప్రొఫైలు. ఒకరి లాగిన్ ఇంకొకరి లాగిన్‌తో కలవదు. ప్రొఫైలు పేరు కూడా ఐకాన్‌లోనే రాసేస్తే క్లయింటుకో ఐకాన్.

విండోస్ వాళ్లు ఇదంతా మాకు కాదనుకోకండి. షార్ట్‌కట్ మీద కుడి బటన్, ప్రాపర్టీస్, టార్గెట్ అనే పెట్టె. అదే మీ ఎగ్జెక్ లైను. కొటేషన్ గుర్తు ముగిశాక స్పేస్ ఇచ్చి రాయండి. ఎక్సెల్ తెరుచుకోగానే మూసుకుపోతుంటే విండోస్ బటన్ పట్టుకుని ఆర్ నొక్కి, ఎక్సెల్, స్పేస్, స్లాష్ సేఫ్. యాడ్ఇన్‌లు ఏవీ లేకుండా తెరుచుకుంటుంది. వర్డ్‌కైతే విన్‌వర్డ్, స్లాష్ సేఫ్. అక్కడ డాష్ బదులు స్లాష్ ఎందుకంటే విండోస్‌కి ముందున్న డాస్ కాలం నాటి అలవాటు. మొదటి డాస్‌లో ఫోల్డర్లే లేవు, స్లాష్‌ని ఆప్షన్లకి వాడేసుకున్నారు. 1983లో డాస్ 2తో ఫోల్డర్లు వచ్చేసరికి స్లాష్ ఖాళీ లేదు, అందుకే వెనక్కి వాలిన బ్యాక్‌స్లాష్ వచ్చి పడింది. ఇన్నేళ్లుగా మనం ఆ గీతతో అవస్థ పడుతున్నాం.

ఇక ప్రశ్నలు అడగండి.

(విద్యార్థి: సార్, నా కొత్త ల్యాప్‌టాప్‌లో జామెట్రీ ఇస్తే సైజు మారుతోంది గానీ చోటు మారట్లేదు.)

ఉబుంటు కదా? 21.04 వెర్షను నుంచి వాళ్లు మామూలుగా వేలాండ్ ఇస్తున్నారు. ఎక్స్ స్థానంలోకి వస్తున్న పద్ధతి, 2008లో మొదలుపెట్టారు. వేలాండ్‌లో ప్రోగ్రాం తన విండో ఎక్కడ ఉండాలో తను నిర్ణయించుకోలేదు, డెస్క్‌టాప్ ఎక్కడ కూర్చోమంటే అక్కడే. పెళ్లి భోజనాల్లో వడ్డించేవాళ్లు చూపించిన ఆకు ముందే కూర్చోవాలి గదా, అలా. క్యూటీ ప్రోగ్రామైతే డాష్ ప్లాట్‌ఫాం ఎక్స్‌సీబీ ఇచ్చి చూడు, పాత ఎక్స్ పద్ధతిలో తెరుచుకుంటుంది. జీటీకే అయితే ముందుమాటగా జీడీకే బ్యాకెండ్ ఈక్వల్ టు ఎక్స్11.

(మరొకరు: ఫైలు పేరే డాష్‌తో మొదలైతే?)

మంచి ప్రశ్న. డాష్ ఫైనల్ డాట్ ఓడీటీ అని ఎవరో పేరు పెట్టారనుకోండి, ప్రోగ్రాం దాన్ని ఆప్షన్ అనుకుని గింజుకుంటుంది. పేరు ముందు చుక్క, స్లాష్ పెట్టండి. ఈ ఫోల్డర్లో ఉన్న ఫలానా ఫైలు అని అర్థం. అప్పుడు మొదటి అక్షరం డాష్ కాదు కదా.

(మరొకరు: క్రోమ్ తెరుచుకోకపోతే డాష్ డాష్ నో శాండ్‌బాక్స్ పెట్టమని వీడియోలో చెప్పారు. పెడితే పనిచేసింది.)

పనిచేస్తుంది. శాండ్‌బాక్స్ అంటే వెబ్ పేజీలు మీ కంప్యూటర్ని ముట్టుకోకుండా క్రోమ్ కట్టే గోడ. తాళం పట్టేస్తోందని తలుపే పీకేస్తే ఇంట్లోకి వెళ్లడం సులువే. సాధారణంగా ఆ తిప్పలు వచ్చేది అన్ని అధికారాలూ ఉండే రూట్‌గా లాగినై క్రోమ్ తెరిచినప్పుడు. మామూలు యూజర్‌గా తెరవండి, ఆ ఆప్షన్ అవసరమే రాదు.

(ముందు వరసలోని ఆవిడ: ఇప్పుడు నా కంప్యూటర్లో నడుస్తున్న ప్రోగ్రాం ఏ మాటలతో మొదలైందో చూడొచ్చా? ఐకాన్‌లో ఎవరేం రాశారో నాకు తెలియదు కదా.)

మీరే అడిగారా అమ్మా! చూడొచ్చు. విండోస్‌లో టాస్క్ మేనేజర్, డీటెయిల్స్, పైన వరస మీద కుడి బటన్ నొక్కి కమాండ్ లైన్ అనే కాలమ్ చేర్చండి. లైనక్స్‌లో పీఎస్ కమాండ్. అందుకే పాస్‌వర్డులు ఆప్షన్‌గా ఎప్పుడూ ఇవ్వకూడదు. అదే కంప్యూటర్ వాడే ఇంకొకరు ఇలాగే చదివేస్తారు. ఇదిగో, ఇప్పుడే కొడతాను. పీఎస్, స్పేస్, ఏయూఎక్స్. దీంట్లో సాఫిస్ ఒక్కదాన్నే వెతుకుదాం.

వచ్చింది. సాఫిస్ డాట్ బిన్, డాష్ డాష్ షో, తర్వాత ఫైలు పేరు. ఇందాక నేను కొట్టిందే, అక్షరం పొల్లుపోకుండా. ఫైలు పేరు చదువుతారా? "ఆదివారం స్పీచ్ ఫైనల్ కొత్తది ఫైనల్ 3". (నవ్వులు) దాచడానికి ఏం లేదు, చూసేశారు. పదండి, కింద టీ వచ్చిందట.